అడగండి చెప్తాం: సియాటిల్ చెరువుల అసలు పేర్లు

పోయిన నెల ఈ పేజీలో "మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఎక్కడుందండీ" అని ఒకాయన అడిగారు. అక్కడ ఒకప్పుడు నిజంగానే చెరువు ఉండేది, కుతుబ్‌షాహీల కాలంలో హయాత్ బక్షీ బేగంని జనం మా సాహెబా అనేవాళ్ళు, ఆమె పేరు మీద మా సాహెబా తలాబ్, అదే నోళ్ళలో నలిగి నలిగి మాసాబ్ ట్యాంక్ అయింది, చెరువు పోయి పేరు మిగిలింది అని జవాబు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి అమెరికాలో సియాటిల్ దగ్గర కూతురింట్లో ఆర్నెల్లు ఉండొచ్చిన ఒక అమ్మది, అక్కడి పాత పేర్ల గురించి. ఆ ఉత్తరం సంగతి పాఠకుల మీటింగ్‌లో చెప్పానో లేదో ప్రశ్నల మీద ప్రశ్నలు, మన ఊళ్ళ నుంచి ఎంతమంది పిల్లలు ఆ చుట్టుపక్కల ఉన్నారో అప్పుడు తెలిసింది నాకు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి, రిటైర్డ్ టీచరమ్మ): మా అమ్మాయి వాళ్ళు సియాటిల్ దగ్గర సమామిష్‌లో ఉంటారు. అటువైపు ఒక పార్కులో బోర్డు మీద ఏవో వింత అక్షరాలు చూశాను, తిరగేసిన ఇంగ్లీషు ఇ (e), చుక్క లేని ప్రశ్నార్థకం, పక్కన పైకి ఎక్కించిన చిన్న డబ్ల్యూ. మనవడు "అది లషూట్‌సీద్ అమ్మమ్మా, ఇక్కడి పాత భాష" అన్నాడు కానీ చదవడం వాడికీ రాదు. ఏంటండీ అది, ఎలా చదవాలి?

జవాబు: అమ్మా, మీ మనవడు కరెక్టే చెప్పాడు. ఇప్పుడు సియాటిల్, టకోమా, ఎవరెట్ ఉన్న చోటంతా, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయకి రెండు ఒడ్డుల మీదా, దాంట్లో కలిసే నదుల వెంట పైకి కొండల దాకా ఉన్న తెగల వాళ్ళ భాష అది, సేలిష్ కుటుంబం అంటారు. సియాటిల్ అనేది కూడా ఆ మనుషుల్లో ఒక పెద్దాయన పేరే, సిఆల్ అనాలి, మధ్యలో గొంతు ఒక్క క్షణం ఆగాలి, చివరి ల్ దగ్గర నాలుక పళ్ళకి ఆనించి రెండు పక్కల నుంచీ గాలి ఊదాలి. 1851లో వచ్చి దిగిన అమెరికా వాళ్ళకి ఆ ఊదడం నోరు తిరగలేదు, టిల్ అయింది.

ఆ భాషకి పాతకాలం నుంచి వస్తున్న లిపి లేదు. 1960ల నుంచి థామ్ హెస్ అనే భాషావేత్త అక్కడి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని విని రాత పద్ధతి ఒకటి కుదిర్చారు, మీరు చూసిన గుర్తులు అవే. భయపడకండి, నిజం చెప్పాలంటే ఇంగ్లీషు వాళ్ళకంటే మన హైదరాబాదు వాళ్ళ నోటికే అవి దగ్గర. చూడండి, మనకి చలిలో చ వేరు, చిలకలో చ వేరు, మీరు టీచర్ కాబట్టి పాత వాచకాల్లో చ మీద చిన్న 2 గుర్తు వేసి చూపించేవాళ్ళని గుర్తుండే ఉంటుంది. ఆ రెండు చ-లూ, అలాగే జల్లెడలో జ, జిల్లాలో జ, ఈ నాలుగూ లషూట్‌సీద్‌లో విడివిడి అక్షరాలు. ఒక్క తేడా ఏంటంటే మనం చలిలో చ-ని ఇకారం ముందు పలకం, ౘి అనే శబ్దమే మనకి లేదు, వాళ్ళకి ఉంది, అక్కడ కాస్త ప్రాక్టీస్ కావాలి. ఎక్స్ కింద చుక్కో పైన గుర్తో ఉంటే, ఖైరతాబాద్‌ని ఉర్దూ బాగా వచ్చిన పెద్దాయన పలికితే గొంతు లోపల రాపిడి వినిపిస్తుంది కదా, ఆ ఖ అనుకోండి. ఇక చుక్క లేని ప్రశ్నార్థకం గొంతు ఆగడం. పిల్లాడికి ఇంకో ముద్ద పెట్టబోతే తల అడ్డంగా ఊపి ఉఁ-ఉఁ అంటాడు, ఆ రెంటి మధ్య టక్కున ఒక ఆగడం ఉంటుంది చూడండి, అదే. తిరగేసిన ఇ అంటే పూర్తిగా నోరు తెరవని అ. చిన్న డబ్ల్యూ అంటే ఆ హల్లు పలుకుతూ పెదాలు గుండ్రంగా చుట్టడం. క, త, ప మీద కామా లాంటిది కనిపిస్తే మాత్రం గొంతు బిగించి పేల్చినట్టు అనాలి, అది నాకూ ఇంకా సరిగ్గా రావట్లేదు.

ఆ భాష పేరునే విప్పి చూస్తే ఒక మంచి సంగతి కనిపిస్తుంది. ద్హ్వ్‌లషుౘిద్, చివర ఉన్న ఉౘిద్ అంటే నోరు. నోరంటే భాష కూడా. ఇలా ఒంట్లో భాగాలకి ఒక్కోదానికీ ఒక తోక లాంటి ప్రత్యయం ఉంటుంది వాళ్ళకి, దాన్ని మాట చివర తగిలిస్తే నేల మీద చోటు పేరైపోతుంది. ముక్కు తోక తగిలిస్తే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల. వెస్ట్ సియాటిల్‌లో ఆల్కీ పాయింట్‌కి వెళ్ళే ఉంటారు, అందరూ ఫోటోలు దిగే చోటు, దాని పాత పేరు స్బక్వబ్‌క్స్, గడ్డినేల ఉన్న ముక్కు అని. మనమూ కట్టకి తల అంటాం, చెరువు కడుపు అంటాం, నది ముఖం అంటాం, కాబట్టి ఇది మనకి వింత అనిపించదు.

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి, కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి చదువుతున్న కుర్రాడు): అన్నా, మ్యాప్‌లో చూస్తే సమామిష్, స్నోహోమిష్, డువామిష్, స్కైకోమిష్, సుక్వామిష్, అన్నిటికీ చివర మిష్ ఏంటి?

జవాబు: మంచి చూపు తమ్ముడూ. ఆ మిష్ అంటే "వాళ్ళు". మనం పాలమూరోళ్ళు, ఓరుగల్లోళ్ళు అంటాం చూడు, ఆ ఓళ్ళు అన్నమాట. డువామిష్ అంటే లోపలోళ్ళు, అంటే సముద్రం ఒడ్డు నుంచి నదిలోకి లోపలికి వెళ్తే ఉండేవాళ్ళు. సుక్వామిష్ వాళ్ళు నీళ్ళు తేటగా ఉండే ఉప్పునీటి చోటు వాళ్ళు. తెల్లవాళ్ళు ఏం చేశారంటే మనుషుల పేరుని తీసి నదికి పెట్టేశారు, డువామిష్ నది, స్నోహోమిష్ నది.

కానీ అసలు కథ ఇది కాదు. ఇవాళ ఆ తెగ వాళ్ళని అడిగితే మిష్ అనరు. ఎందుకంటే లషూట్‌సీద్‌లో మ లేదు, న లేదు. మామూలు మాటల్లో అసలు లేవు. ఒక్కసారి ఆలోచించు, మ, న లేకుండా మనం అమ్మా అనలేం, నాన్నా అనలేం, నేను అనే మాటే రాదు, ప్రపంచంలో ఇలాంటి భాషలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయితే ఒకప్పుడు ఉండేవి. 1855 జనవరిలో ముకిల్టియో దగ్గర పాయింట్ ఎలియట్ ఒప్పందం రాసుకున్నారు, తెగల దగ్గర నేల తీసుకున్న ఒప్పందం అది, ఆ రోజుల్లో పేర్లు రాసినవాళ్ళ చెవులకి మ, న వినిపించాయి, అప్పటికే మ కి బ కి మధ్యలో ఏదో పలుకుతున్నారట. ఆ తర్వాత మ పూర్తిగా బ అయింది, న పూర్తిగా ద అయింది. మ్యాప్ మీద రాసింది మాత్రం రాసినట్టే ఉండిపోయింది. అందుకే మ్యాప్‌లో స్నోహోమిష్, వాళ్ళ నోట్లో స్దుహుబ్ష్. మ్యాప్‌లో స్నోక్వాల్మీ, పెద్ద జలపాతం ఉన్న చోటు, వాళ్ళ నోట్లో స్దుక్వల్బిహ్వ్. న బదులు ద, మ బదులు బ, వరసగా పెట్టి చూడు, లెక్క తప్పదు. ముకిల్టియో కూడా అంతే, వాళ్ళది బ తోనే మొదలవుతుంది.

అంటే ఆ రోడ్ల మీద పచ్చ బోర్డుల్లో ఉన్నది 170 ఏళ్ళ కిందటి ఉచ్చారణ. పాత శబ్దం ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో దాక్కుని ఉంది. నాకు ఇది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

ప్రశ్న (మియాపూర్ నుంచి, బెల్‌వ్యూలో ఐదేళ్ళు ఉద్యోగం చేసొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్): రోజూ ఫ్లోటింగ్ బ్రిడ్జ్ మీద లేక్ వాషింగ్టన్ దాటి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి, దానికి వాషింగ్టన్ కాకుండా ముందు ఒక పేరు ఉండే ఉంటుంది కదా, ఎవరూ చెప్పలేదు. అలాగే లేక్ యూనియన్‌కి?

జవాబు: ఉంది. ఖాచు. పైన చెప్పిన గొంతు ఖ, చివర్లో ఆగడం. అర్థం ఏంటంటే "చెరువు", అంతే. దాదాపు 35 కిలోమీటర్ల పొడవున్న నీటిని వాళ్ళు ఉత్తి చెరువు అన్నారు. దీనికి ఆశ్చర్యపోకండి, మన ఊళ్ళో ఎవరైనా చెరువుకి పేరు పెట్టి పిలుస్తారా, "చెరువు కాడికి పోయొస్తా" అంటారు, ఏ చెరువని అడిగితేనే పేరు చెప్తారు. పక్కన చిన్నది, లేక్ యూనియన్, దాన్ని ఖాఖచు అన్నారు. మొదటి అక్షరాన్ని రెండుసార్లు అంటే ఆ వస్తువు చిన్నదైపోతుంది, చెరువు కాస్తా కుంట అయింది. నదిని స్తులక్వ్ అంటారు, వాగు కావాలంటే స్తుతులక్వ్, చూశారా, మళ్ళీ అదే కిటుకు. మనం రెట్టించి చెప్తే ఎక్కువవుతుంది, గంపలు గంపలు, కుప్పలు కుప్పలు. వాళ్ళు రెట్టిస్తే చిన్నదవుతుంది, ముద్దు చేసినట్టు.

ఇప్పుడున్న పేర్లు 1854 జూలై 4న వచ్చాయి. థామస్ మెర్సర్ అనే ఆయన పిక్నిక్‌లో నిలబడి పెద్ద దానికి అధ్యక్షుడి పేరు పెడదాం, చిన్నదానికి యూనియన్ అందాం, ఎందుకంటే ఎప్పటికైనా ఇది పెద్ద చెరువునీ సముద్రాన్నీ కలుపుతుంది అన్నాడు. అంటే ఆ పేరు ఉన్నదాన్ని చెప్పేది కాదు, రేపు తవ్వబోయే కాలవ గురించి. అప్పటిదాకా తెల్లవాళ్ళు కూడా చినూక్ జార్గన్‌లో హయాస్ చక్, టెనాస్ చక్ అనేవాళ్ళు, పెద్ద నీళ్ళు, చిన్న నీళ్ళు. చినూక్ జార్గన్ అంటే ఆ తీరం మొత్తం బేరసారాల కోసం వాడుకున్న కలగలుపు భాష, ఎవరి సొంతమూ కాదు, మన బేగంబజార్‌లో నాలుగు భాషలు కలిసి బేరం తెగినట్టు. ఆల్కీ కూడా ఆ జార్గన్ మాటే, లషూట్‌సీద్ కాదు, చాలామంది పొరబడతారు. మీరు వీకెండ్ తిరిగిన లేక్ సమామిష్‌ని పాత రోజుల్లో స్క్వాక్ లేక్ అనేవాళ్ళు, ఇసక్వా ఊరి పేరూ ఆ మాట నుంచి వచ్చిందే.

పెద్ద పేర్లు సరే, నా మనసు మాత్రం చిన్న చిన్న చోట్ల పేర్ల మీదే ఉంది. మాంట్‌లేక్ దగ్గర రెండు చెరువుల మధ్య సన్నటి నేల ఉండేది, దానికి వాళ్ళ పేరుకి అర్థం పడవ మోసుకెళ్ళేది. పెద్ద చెరువులో వచ్చినవాళ్ళు అక్కడ దిగి పడవ ఎత్తుకుని నడిచి చిన్న చెరువులో వేసుకునేవాళ్ళు, కొత్తగా వచ్చినవాడికి ఆ పేరు చెప్తే చాలు, దారి చెప్పక్కర్లేదు. షిల్‌షోల్ బే, పడవల మెరీనా ఉన్న చోటు, దాని మాట షిల్షుల్, పూసలోకి దారం దూర్చినట్టు అని, సముద్రం నుంచి సన్నటి సందులోకి పడవ దూరుతుంది అక్కడ. ఉత్తరాన హాలర్ లేక్ అని చిన్నది ఒకటి ఉంది, దాని పేరుకి "కాస్త నిమ్మళించింది" అని అర్థం. నిమ్మళం అన్న మాట తెలంగాణలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కింద వైపు ఒక పల్లె ఉండేది, చిన్న పడవ దారి అని దాని పేరు, ఇప్పుడు క్యాంపస్‌లో ఒక రోడ్డుకి అదే పేరు అవే అక్షరాల్లో పెట్టారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. సియాటిల్ ఉత్తరాన లిక్టన్ స్ప్రింగ్స్ అని ఊట ఉంది, నీళ్ళలో ఇనుము ఎక్కువ, బురద ఎర్రగా తేలుతుంది, ఆ ఎర్రమట్టిని తెగల వాళ్ళు రంగుకి వాడుకునేవాళ్ళు. లిక్తద్ అంటే ఆ ఎర్రరంగే. మన పాత ఇళ్ళలో అరుగులకి, గోడ అంచులకి జాజు పూసేవాళ్ళు చూడండి, ఆ జాజు. అంటే జాజుకుంట! ఇక్కడ కూడా గమనించండి, మ్యాప్ లిక్టన్ అంటుంది, భాష లిక్తద్ అంటుంది, పై కుర్రాడికి చెప్పిన న, ద లెక్క. ఆ ఊటని 2019లో సిటీ ల్యాండ్‌మార్క్ చేశారు.

ప్రశ్న (సికింద్రాబాద్ నుంచి, తొమ్మిదో క్లాస్ పాప): ప్యూజెట్ సౌండ్ అంటారు కదా, అక్కడ ఏమైనా శబ్దం వస్తుందా అంకుల్?

జవాబు: లేదమ్మా, ఇక్కడ సౌండ్ అంటే నేల లోపలికి దూరిన సముద్రపు పాయ. 1792లో జార్జ్ వాంకూవర్ ఓడలో వచ్చి తన దగ్గర పనిచేసే పీటర్ ప్యూజెట్ పేరు పెట్టాడు. అక్కడివాళ్ళు ఖ్వల్చ్ అంటారు, ఉప్పునీళ్ళు అని. తాగే నీళ్ళకి వేరే మాట, క్వు.

ప్రశ్న (నల్లకుంట నుంచి, ఇరిగేషన్‌ల పనిచేసి రిటైర్ అయిన పెద్దాయన): మా కొడుకు దగ్గరికి రెంటన్ పోయిన. ఆడ బ్లాక్ రివర్ అని పాత మ్యాపుల ఉన్నది, పోయి చూస్తె నది లేదు. చెరువు నిండుగ ఉన్నది, మరి మత్తడి కింద వాగు ఎట్ల ఎండుతది? నాకు సమజ్ కాలే.

జవాబు: సార్, మీరు అడిగిన తీరులోనే సగం జవాబు ఉంది, మత్తడి జాగా మారింది. మొదట వాలు చెప్తా. లేక్ సమామిష్ మిగులు నీళ్ళు సమామిష్ నదిలో పడి ఉత్తరం కొసలో లేక్ వాషింగ్టన్‌లోకి వస్తాయి. లేక్ వాషింగ్టన్ మిగులు దక్షిణం కొసలో, మీరు చూసిన రెంటన్ దగ్గర బయటపడి బ్లాక్ రివర్ అయి, డువామిష్‌లో కలిసి, ఎలియట్ బేలో సముద్రం చేరేది. మన గొలుసుకట్టు లాంటిదే, కాకపోతే ఎవరూ కట్టింది కాదు.

మెర్సర్ 1854లో అన్న కాలవ 1916లో పూర్తయి నీళ్ళు వదిలారు. ఎక్కడ తవ్వారనుకున్నారు, ఆ మాంట్‌లేక్ దగ్గరే, పడవ మోసుకెళ్ళే చోటే. లేక్ వాషింగ్టన్ మట్టం లేక్ యూనియన్ కంటే ఎత్తు, రెంటినీ ఒక మట్టానికి తేవాలంటే పెద్దది దిగాలి, దాదాపు 9 అడుగులు దించారు. ఇంక మీకు నేను చెప్పేదేముంది, నీళ్ళు 9 అడుగులు దిగితే దక్షిణం వైపు పాత అలుగు పొడి గట్టు మీద ఉండిపోయింది, నీళ్ళన్నీ పడమటికి, బాలార్డ్ లాకుల మీదుగా షిల్షుల్‌కి తిరిగాయి. సీడర్ నది అంతకుముందు బ్లాక్ రివర్‌లో కలిసేది, దాన్నీ మళ్ళించి చెరువులో కలిపేశారు. లాకులని 1917 జూలై 4న వేడుకగా ప్రారంభించారు, మళ్ళీ అదే తారీఖు.

బ్లాక్ రివర్ ఒడ్డున డువామిష్ వాళ్ళ ఇళ్ళుండేవి. వాళ్ళలో జోసెఫ్ మోజెస్ అనే ఆయన కళ్ళారా చూసి చెప్పినది రికార్డయి ఉంది, నీళ్ళు దిగుతూ దిగుతూ పోయి పడవలు పొడి నేల మీద నిలబడ్డాయట, మడుగుల్లో చేపలు కొట్టుకుంటుంటే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి నవ్వుకుంటూ అరుచుకుంటూ గోనెసంచుల్లో నింపుకున్నారట. చేప అంటే వాళ్ళకి కూర ఒక్కటే కాదు సార్, సాల్మన్ ఏ వాగులో ఎప్పుడు ఎక్కుతుందో దాన్ని బట్టి ఏడాది మొత్తం నడిచేది. డువామిష్‌లో కాస్త కిందికి టక్విలా దగ్గర నార్త్ విండ్స్ వెయిర్ అని ఇప్పటికీ ఒక చోటు ఉంది, ఉత్తరపు గాలి నదికి అడ్డంగా మంచుతో కట్టవేసి సాల్మన్‌ని పైకి రానివ్వలేదని, తర్వాత తుఫాను గాలి వచ్చి దాన్ని బద్దలు కొట్టిందని వాళ్ళ కథ. ఆ కథలో కట్ట విరిగి చేప వచ్చింది, 1916లో నదే లేకుండా పోయింది. డువామిష్ తెగని అమెరికా ప్రభుత్వం ఇంకా అధికారికంగా గుర్తించలేదు, ఊరి పేరు వాళ్ళ పెద్దాయనదే అయినా సరే.

మీరు నల్లకుంట అని రాశారు కదా సార్, ఆ చిరునామా చూసి నేను కాసేపు పెన్ను పక్కన పెట్టాను. నల్లకుంట, చింతలకుంట, ఎర్రకుంట, ఎన్ని బస్సు స్టాపుల పేర్లలో నీళ్ళున్నాయో.

ప్రశ్న (మారేడ్‌పల్లి నుంచి ఒక గృహిణి): ఇన్ని పేర్లు ఎవరు రాసిపెట్టారు, ఇప్పుడు ఎవరైనా మాట్లాడుతున్నారా? పిల్లల్ని ఆ భాష మాట్లాడనివ్వకుండా కొట్టారని విన్నాను.

జవాబు: నిజమేనమ్మా, 20వ శతాబ్దం మొదట్లో తెగల పిల్లల్ని సర్కారు హాస్టల్ బడుల్లో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1920 ప్రాంతంలో, టి.టి. వాటర్‌మన్ అనే మానవశాస్త్రవేత్త పెద్దవాళ్ళని అడుగుతూ ప్రతి ముక్కు, ప్రతి వాగు, ప్రతి రాయి పేరూ రాసుకున్నాడు, వందల పేర్లు, ఒక్కోదానికీ మ్యాప్ మీద నంబరు. ఆ రాతప్రతి ఎన్నో ఏళ్ళు అలాగే పడుంది, చివరికి 2001లో పుస్తకంగా వచ్చింది. దాన్ని సరిచేసి తెచ్చినవాళ్ళలో వై హిల్బర్ట్ ఒకరు.

ఈవిడ గురించి నేను ఎంతైనా రాస్తాను. అప్పర్ స్కాజిట్ తెగలో 1918లో పుట్టారు, చిన్నప్పుడు ఇంట్లో ఆ భాషే విన్నారు. 50 ఏళ్ళు దాటాక, 1972 నుంచి, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో లషూట్‌సీద్ పాఠం చెప్పారు, 15 ఏళ్ళు. 1950ల్లో లియాన్ మెట్‌కాఫ్ అనే ఆయన ఊరూరా తిరిగి ముసలివాళ్ళ మాటలు టేపులకి ఎక్కించాడు, ఒక ఊరి అవ్వ చెప్పిన కబురు ఇంకో ఊరి అవ్వకి వినిపించి ఆమె జవాబు మళ్ళీ ఇక్కడికి తెచ్చేవాడు. ఆ టేపులు కూర్చుని విని మాట మాటా రాసిపెట్టారు హిల్బర్ట్ గారు. థామ్ హెస్, డాన్ బేట్స్‌తో కలిసి 1994లో నిఘంటువు తెచ్చారు. హిల్బర్ట్ గారు 2008లో కన్నుమూశారు. పాఠాలు ఆగలేదు, టులాలిప్, ప్యూయలప్ తెగల వాళ్ళకి సొంత భాషా విభాగాలున్నాయి, బడి పిల్లలకి నేర్పిస్తున్నారు. నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ పేర్లని నేల మీదకి తెస్తున్నారు. 2020లో డువామిష్ నది ఒడ్డున సియాటిల్ పోర్టు వాళ్ళ పార్కులకి టెర్మినల్ 107, 108 అనే నంబర్లు తీసేసి లషూట్‌సీద్ పేర్లు పెట్టారు. డౌన్‌టౌన్ సముద్రపు ఒడ్డు రోడ్డుకి ౙిౙలాలిచ్ అనే గౌరవ నామం వచ్చింది, సియాటిల్ మొదలైన చోట ఉన్న పల్లె పేరది, చిన్న దాటు అని అర్థం, మొదటి అక్షరం రెండుసార్లు వచ్చింది కాబట్టి "చిన్న" ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఇప్పుడు తెలుసు.

ప్రశ్న (అంబర్‌పేట నుంచి, డిగ్రీ చదివే అమ్మాయి): మా దగ్గర బతుకమ్మ కుంట తవ్వితే మళ్ళీ నీళ్ళు ఊరాయి, అప్పుడే అనుకున్నా, మా అమ్మమ్మ ఊరు చెరువు చుట్టూ ఉన్న పేర్లు అన్నీ రాయాలని. ఎలా మొదలుపెట్టను?

జవాబు: వాటర్‌మన్ చేసినట్టే చెయ్యమ్మా. ఇంట్లో కూర్చుని అడిగితే నాలుగు పేర్లే గుర్తొస్తాయి, కట్ట మీద నడుస్తూ అడిగితే నలభై వస్తాయి. చెరువు పేరు ఒక్కటే రాసి ఆగొద్దు. తూముకి పేరుంటుంది, పెద్ద తూము ఏది, చిన్నది ఏది, మత్తడి దుంకే చోటుని ఏమంటారు, దాని కింద ఒర్రె పేరేంటి, బర్లు దిగే రేవు, బట్టలుతికే బండ, బతుకమ్మలు వేసే చోటు, ఎండాకాలం నీళ్ళు చివరిదాకా నిలిచే మడుగు, చేపలోళ్ళు వల వేసే మూల. శిఖం భూమిలో ఒక్కో మడికట్టుకి కూడా పేరుంటుంది, రికార్డులో సర్వే నంబరు ఉంటుంది గానీ పేరు దున్నేవాళ్ళకే తెలుసు. గండిపేటని చూడు, 1920లో కట్టినప్పటి నుంచి కాగితాల్లో ఉస్మాన్ సాగర్, నోళ్ళలో గండిపేటే, కాబట్టి రెండు పేర్లుంటే రెండూ రాయి, ఏది ఎవరంటారో కూడా రాయి.

అర్థం నువ్వు ఊహించొద్దు, అడుగు. వాటర్‌మన్ రాసిన అర్థాల్లో కొన్నిటిని తర్వాతివాళ్ళు భాష బాగా తెలిశాక సరిదిద్దాల్సి వచ్చింది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచు. ముఖ్యంగా ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, పేరుని వాళ్ళ నోటితో మూడుసార్లు అనిపించు, రాసుకున్నది మనకి తెలిసిన అక్షరాల్లోకి ఒదిగిపోతుంది, శబ్దం ఒదగదు. స్నోహోమిష్ సంగతి చదివావుగా. చెప్పినవాళ్ళ పేరు, వయసు, తారీఖు రాసుకో, వాళ్ళని అడిగే బయటికి పెట్టు. మత్తడి పడే రోజుల్లో ఒకసారి, ఎండాకాలం ఒకసారి వెళ్ళు, నీళ్ళ కింద ఉన్న పేర్లు ఎండాకాలంలోనే దొరుకుతాయి. పదిహేను ఇరవై పేర్లు అవగానే ఒక కాగితం మీద చేత్తో చెరువు బొమ్మ గీసి నంబర్లు వేసి మాకు పంపు, వచ్చే నెల ఈ పేజీలో ఆ బొమ్మ వేస్తాం.